పక్కింటి పిల్లాడి నోటుబుక్కు

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. హైదరాబాదులో ఏ సందు మలుపు తిరిగినా ఒకటే ఫ్లెక్సీ. 'అడ్మిషన్లు జరుగుతున్నాయి' అని. మెట్రో స్తంభాల మీద అదే. ఆటోల వెనక అదే. పొద్దున్నే పేపరు మడత విప్పితే లోపలినుంచి రంగుల కరపత్రం జారిపడుతుంది. ఇంట్లో బడిలో వెయ్యాల్సిన పిల్లలుంటే ఈ రెండు మూడు నెలలు అమ్మానాన్నలకి కంటిమీద కునుకుండదు. ఎక్కడ వేద్దాం? సర్కారు బడా, ప్రైవేటు బడా? స్టేట్ సిలబసా, సీబీఎస్ఈయా? బస్సు వేసుకుని దూరం పంపాలా, వీధి చివరున్న దాంట్లో వెయ్యాలా?

ఇవాళ నేను మీకు ఒక్క పని చెప్తాను. డబ్బు ఖర్చు లేని పని. మీరు ఏ బడిలో చేర్చాలనుకుంటున్నారో, ఆ బడిలో మూడో తరగతి చదివే పిల్లలు మీ చుట్టుపక్కల ఎవరింట్లోనో ఉంటారు. వాళ్ల నోటుబుక్కు చూడండి. అందులో వాళ్లు రాసుకున్నది వాళ్లచేతే చదివించండి. ఫీజు కట్టకముందే ఈ పని చెయ్యండి.

మళ్లీ చెప్తున్నాను. మూడో తరగతి పిల్లల నోటుబుక్కు. రాసినవాళ్లచేతే చదివించడం. సర్కారు బడికైనా ఇదే కొలత. ప్రైవేటు బడికైనా ఇదే కొలత.

ఎందుకు ఇంత చిన్న పని పట్టుకున్నానంటే, బడి ఎలాంటిదో బోర్డు చూస్తే తెలియదు. ఈ ఊళ్లో అయితే అసలే తెలియదు. హైదరాబాదులో ప్రైవేటు బడి నిన్నా మొన్నా పుట్టింది కాదు. అబిడ్స్‌లో సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834లో మొదలైంది. జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో పెట్టిన కాలేజే తరవాత బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. అదే ఊళ్లో, నిజాం సర్కారు బడుల్లో ఎక్కువగా ఉర్దూలో చదువు చెప్పే రోజుల్లో, మన ఆడపిల్లలు తెలుగులో చదువుకోవాలని మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో బడి పెట్టారు. అదీ ప్రైవేటు బడే. జాగీర్దారు బిడ్డ వెళ్లిన బడీ ప్రైవేటే, మాడపాటి వారి బడీ ప్రైవేటే. ఆ ఒక్క మాటతో బడి గుణం ఏం తెలుస్తుంది చెప్పండి?

ఇప్పుడూ అంతే. జూబ్లీహిల్స్‌లో ఏడాదికి లక్షలు కట్టించుకునేదీ ప్రైవేటు బడే. పాతబస్తీలో రెండు గదుల మేడలో నెలకి కొన్ని వందలు తీసుకునేదీ ప్రైవేటు బడే. సర్కారు వైపు కూడా ఒకే రకం లేదు. బస్తీలో ఉండే ప్రాథమిక పాఠశాల ఉంది. ఊరి అంచుల్లో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. పరీక్ష పెట్టి అయిదో తరగతిలో చేర్చుకునే గురుకులాలున్నాయి. పికెట్‌లో, ఉప్పల్‌లో, గచ్చిబౌలిలో కేంద్రీయ విద్యాలయాలున్నాయి. కేంద్రీయ విద్యాలయం అనగానే అది కేంద్ర ఉద్యోగుల పిల్లలకే అనుకుని చాలామంది అటు చూడరు. ముందు వరస వాళ్లదే, నిజం. కానీ ఒకటో తరగతి సీట్లలో నూటికి 25 విద్యాహక్కు చట్టం కింద చుట్టుపక్కల ఉండే పేద, బలహీన వర్గాల పిల్లలకి లాటరీలో ఇస్తారు. దరఖాస్తులు మామూలుగా మార్చి, ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో పెడతారు. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి పిల్లలకి ఆరేళ్లు నిండాలి. ఇంటికి దగ్గర్లో ఒకటి ఉంటే ఆ లాటరీలో పేరు వేసి ఉంచండి. పోయేదేమీ లేదు.

ఇక మన జనంలో ఒక గట్టి నమ్మకం ఉంది. ప్రైవేటు అంటే చదువు, సర్కారు అంటే అన్నం అని. ఈ నమ్మకాన్ని మన నేల మీదే ఒకసారి పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ పని చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాలు, 180 గ్రామాలు. సర్కారు బడి పిల్లల్లో ప్రైవేటుకి వెళ్తామన్నవాళ్ల పేర్లు రాసుకున్నారు. 2008లో లాటరీ తీశారు. లాటరీ తగిలిన పిల్లల ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు. తగలని వాళ్లు ఎక్కువగా సర్కారు బడిలోనే ఉన్నారు. నాలుగేళ్ల తరవాత అందరికీ ఒకే పరీక్ష పెట్టారు. తెలుగులో తేడా లేదు. లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి వెళ్లిన పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు కదా!

ప్రైవేటు బడుల పక్షాన కూడా ఆ అధ్యయనంలో గట్టి మాట ఉంది. అవి తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చాయి. ఒక్కో పిల్లాడి మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టలేదు. అయినా వాళ్ల పిల్లలు ఆ రెండింట్లో వెనకబడలేదు. అది చిన్న సంగతి కాదు. ఇదంతా పల్లెల్లో చేసిన పరీక్ష. పట్నానికి అచ్చంగా అతికించలేం. కానీ ఒక్కటి మాత్రం పట్నానికీ వర్తిస్తుంది. బడి మారినంత మాత్రాన చదువు మారిపోదు. మీ పిల్లలు కూర్చోబోయే ఆ గదిలో, ఆ టీచరు ఏం చేస్తున్నారన్నదే ముఖ్యం. ఆ గదిలోకి మనల్ని ఎవరూ రానివ్వరు. కానీ ఆ గదిలో జరిగింది రోజూ సాయంత్రం సంచిలో ఇంటికి వస్తుంది. అదే నోటుబుక్కు.

నేను చాలా ఏళ్లు టీచరు పని చేశాను. నోటుబుక్కుల కట్టలు దిద్దడంలోనే నా సాయంత్రాలు గడిచాయి. అందుకని అందులో ఏం చూడాలో చెప్తాను. నిదానంగా వినండి.

పుస్తకం తెరవగానే చేతిరాత చూడకండి. అందరం అదే చూస్తాం. గుండ్రంగా ఉంటే మురిసిపోతాం. ముందు తేదీలు చూడండి. పేజీ పైన మూలన తేదీ వేసి ఉంటుంది. జూన్‌లో ఎన్ని పేజీలు, జులైలో ఎన్ని, దసరా తరవాత ఎన్ని, అలా తిప్పుతూ పోండి. వారానికి మూడు నాలుగు రోజులైనా ఏదో ఒకటి రాసి ఉంటే ఆ తరగతి నడుస్తున్నట్టే. ఒక సర్కారు బడి అబ్బాయి తెలుగు నోటుబుక్కు చూశాను. జూన్‌లో రెండు పేజీలున్నాయి. తరవాత ఆగస్టులో ఒకటి. అక్కడినుంచి డిసెంబరు దాకా ఏమీ లేదు. తెల్ల కాగితాలు. కనుక్కుంటే, అయిదు తరగతులకీ కలిపి ఒక్కరే టీచరు. ఆవిడ తప్పని నేను అనను. అయిదు తరగతుల పిల్లల్ని ఒక్క మనిషి ఏం చెయ్యగలదు? కానీ ఆ ఖాళీ కాగితాల్లో పోయింది ఆ అబ్బాయి చదువు. అందుకే సర్కారు బడికి వెళ్తే మొట్టమొదట అడగాల్సిన మాట ఇది. 'ఎంతమంది టీచర్లున్నారండీ?' విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకి ఒక టీచరుండాలి. అరవై మంది లోపు పిల్లలున్న చిన్న బడికైనా కనీసం ఇద్దరుండాలి. ఉన్నారో లేదో అడగడానికి మొహమాటం వద్దు. అది మన బడి.

తేదీలు చూశారు. తరవాత ఎర్ర సిరా చూడండి. అన్ని పేజీల్లోనూ ఒకటే పెద్ద టిక్కు, కింద సంతకం ఉంటే, టీచరు పేజీ తిప్పారు గానీ చదవలేదు. తప్పు దగ్గర సున్నా చుట్టి ఉందా? పక్కన సరైనది రాసి ఉందా? కింద ఆ పిల్లాడు మళ్లీ రాశాడా? ఈ మూడోది ముఖ్యం.

ఒక నోటుబుక్కు ఇప్పటికీ నా కళ్లముందుంది. సర్కారు బడి. లెక్కల పుస్తకం. 52 లోంచి 27 తియ్యాలి. అమ్మాయి 35 అని రాసింది. ఎలా వచ్చింది 35? ఏడులోంచి రెండు తీసేసింది, అయిదు. అయిదులోంచి రెండు తీసేసింది, మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడమే తెలుసు ఆ పిల్లకి. కింద ఉన్నది పెద్దదైతే పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవాలని ఇంకా తెలియదు. టీచరు ఆ 35 చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. పక్క మార్జిన్‌లో అయిదు పుల్లల కట్టలు గీశారు. విడిగా రెండు పుల్లలు గీశారు. ఒక కట్ట విప్పినట్టు బాణం గుర్తు వేశారు. కింద ఆ అమ్మాయి మళ్లీ చేసింది. 25. మర్నాటి తేదీ కింద ఇంకో లెక్క. 61 లోంచి 34. జవాబు 27. సరిగ్గా వచ్చింది. ఆ చుట్టిన సున్నా, ఆ పుల్లల కట్టలు, ఆ మర్నాటి లెక్క. ఆ బడికి గేటు సరిగ్గా లేదు. గోడకి సున్నం లేదు. కానీ ఆ గదిలో పాఠం జరిగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లలు రాసింది వాళ్లచేతే చదివించండి అన్నాను కదా.

ఒక చిన్న ప్రైవేటు బడి అబ్బాయి. మూడో తరగతి. ఇంగ్లీషు మీడియం. నోటుబుక్కుకి గోధుమ రంగు అట్ట. పైన బొమ్మ లేబులు. లోపల పెన్సిలుతో మార్జిన్ కొట్టి ఉంది. పాఠం పేరు 'ప్లాంట్స్'. మొక్క భాగాలు రాయమని ప్రశ్న. రూట్, స్టెమ్, లీఫ్, ఫ్లవర్ అని ముత్యాల్లాంటి అక్షరాలు. కింద ఎర్ర టిక్కు, బంగారు రంగు స్టారు. నేను 'స్టెమ్' అనే మాట మీద వేలు పెట్టి, "ఇదేంటి నాన్నా?" అన్నాను. వాడు మొదటినుంచి అందుకున్నాడు. రూట్, స్టెమ్, లీఫ్, ఫ్లవర్. గడగడా చెప్పేశాడు. మిగతావన్నీ అరచేత్తో మూసి, ఆ ఒక్క మాటే చూపించి మళ్లీ అడిగాను. నా మొహం చూశాడు. వాళ్లమ్మ మొహం చూశాడు. మళ్లీ రూట్ దగ్గర్నుంచి మొదలుపెట్టబోయాడు. ఇంటి ముందు తులసి కోట ఉంది. అందులో కాండం ఏదో చూపించమంటే చూపించలేకపోయాడు. చురుకైన పిల్లాడు. వాడి తప్పేమీ లేదు. బోర్డు మీద ఉన్నది అచ్చు గుద్దినట్టు దించమన్నారు, దించాడు. కానీ చదవడం రాలేదు. ఆ సంగతి వాళ్లమ్మకి ఆ రోజు దాకా తెలియదు. ప్రోగ్రెస్ కార్డులో అన్నీ 'ఏ' గ్రేడులే మరి.

అందుకే అంటున్నాను. రాసింది చదివించండి. ఒక్క మాట మీద వేలు పెట్టి అడగండి. తరవాత ఆ వాక్యానికి అర్థం ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పమనండి. తెలుగే అక్కర్లేదు, ఉర్దూ అయినా, లంబాడీ అయినా. రాసింది చదివి, చదివింది తన మాటల్లో చెప్పగలిగితే ఆ బడిలో చదువుంది.

ఇంకొక్కటి వెతకండి. ఆ నోటుబుక్కు మొత్తంలో పిల్లాడు సొంతంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా? ఒక చోట చూశాను. 'మా ఇంటికాడ యాప చెట్టు ఉంది. దాని కింద మా తాత కూసుంటడు.' టీచరు ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. పక్కన 'తాత ఏం చేస్తాడు?' అని ఎర్ర సిరాతో ప్రశ్న రాశారు. కింద ఆ పిల్ల ఇంకో రెండు వాక్యాలు రాసింది. అది నెలకి ఏడెనిమిది వందలు తీసుకునే చిన్న ప్రైవేటు బడి. ఏ మెట్రో స్తంభం మీదా ఆ బడి పేరు కనిపించదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు మన పెద్దలు. బడి విషయంలో మాత్రం రెండు మూడు మెతుకులు పట్టండి. ఒక్క పిల్లాణ్ణి చూసి తీర్పు చెప్పొద్దు. వాడు సహజంగానే తెలివైనవాడు కావచ్చు. ఇంట్లో వాళ్లక్క కూర్చోబెట్టి చెప్పి ఉండొచ్చు. అందుకని ఒక బడివి కనీసం రెండు మూడు నోటుబుక్కులు చూడండి. ఎవరింటికైనా వెళ్లినప్పుడు పరీక్ష పెట్టినట్టు కూర్చోవద్దు. పిల్లలు బెదురుతారు. "అక్కా, మా బుడ్డోణ్ణి కూడా మీ వాడి బడిలోనే వేద్దామనుకుంటున్నం, ఒక్కసారి పుస్తకాలు చూడనిస్తరా?" అని వాళ్లమ్మని అడగండి. ఎవరూ కాదనరు. ఆ తల్లి కూడా పక్కన కూర్చుని చూస్తుంది. ఆవిడకీ మేలే.

మూడో తరగతే ఎందుకంటారా? ఎల్కేజీ పుస్తకం చూస్తే ఏమీ తెలియదు. ఏడో తరగతి చూస్తే ట్యూషను మేష్టారి కష్టమెంతో, బడి కష్టమెంతో విడదియ్యలేం. మూడో తరగతికి చదవడం, రాయడం, కూడిక తీసివేత స్థిరపడాలి. దేశమంతటికీ పెట్టుకున్న లక్ష్యం కూడా అదే. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదువూ లెక్కా రావాలంటుంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమం ఉద్దేశమూ ఇదే.

ఇక్కడ ఒక తల్లి అన్న మాట చెప్పాలి. బోరబండలో ఇళ్లల్లో పని చేసుకునే ఆవిడ. "సార్, పిల్లగాన్ని సర్కారు బళ్లె ఏద్దామంటే మా ఆడిబిడ్డ నవ్వుతది. ప్రైవేటుల ఏద్దామంటే ఫీజు యాడికెల్లి తేవాలె?" అంది. ఈ మాట ఒక్కావిడది కాదు. బంధువుల్లో పరువు అనేది చిన్న విషయమని నేను అనను. బిడ్డ బాగుపడాలని, తనలాగా గిన్నెలు తోమకూడదని, ఇంగ్లీషు మాట్లాడాలని ఆ తల్లి ఆశ. ఆ ఆశకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ ఆశని బోర్డు మీద రాసిన ఇంగ్లీషుకి అమ్ముకోవద్దు.

ఇంగ్లీషు మీడియం ఇప్పుడు సర్కారు బడిలోనూ ఉంది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా ముందే వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంట్లో తల్లి తెలుగు పేజీ చదివి పిల్లాడికి చెప్పొచ్చు. నాకు ఆ పుస్తకాలంటే చాలా ఇష్టం. అలాగే ప్రైవేటులో వేసినవాళ్లు తెలుగు నోటుబుక్కు కూడా అడిగి చూడండి. సీబీఎస్ఈ అయినా, ఐసీఎస్ఈ అయినా, తెలంగాణలో తెలుగు తప్పనిసరిగా చెప్పాలని 2018లో చట్టం చేశారు. ఆ పుస్తకం ఖాళీగా ఉంటే మిగతావాటి మీద కూడా కొంచెం అనుమానం పెట్టుకోండి.

పెద్ద పెద్ద బడులకి వెళ్తే గోడల నిండా చార్టులుంటాయి. థర్మాకోల్‌తో చేసిన అగ్నిపర్వతం ఉంటుంది. అవి చూసి నిర్ణయం తీసుకోకండి. రాత్రి పదింటికి బంక సీసా పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రుల శ్రమ అందులో ఎక్కువ. కొన్ని బడుల్లో నోటుబుక్కులే ఉండవు. అచ్చు వేసిన వర్క్‌బుక్కులుంటాయి. ఖాళీలు పూరించడం, జతపరచడం. అలాంటి చోట పిల్లాడికి ఒక తెల్లకాగితం ఇచ్చి, నిన్న ఏం చేశావో నాలుగు వాక్యాలు రాయమనండి. అప్పుడు తెలుస్తుంది.

సరే, నోటుబుక్కు చూశారు. నచ్చింది. సర్కారు బడి అయితే నేరుగా వెళ్లి చేర్చెయ్యొచ్చు. ఫీజు లేదు, పుస్తకాలిస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. ప్రైవేటు బడి అయితే డబ్బు కట్టే ముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క వెయ్యండి. మనం ఒకటో తరగతి ఫీజు చూసి, కట్టగలం అనుకుంటాం. పదో తరగతి దాకా లెక్క వెయ్యం. ఉదాహరణకి ఒకటో తరగతి ఫీజు ఏడాదికి 60 వేలు అనుకుందాం. ఏడాదికి నూటికి పది చొప్పున పెంచారనుకుందాం. అయిదో తరగతికి దాదాపు 88 వేలు. తొమ్మిదో తరగతికి రెట్టింపు దాటుతుంది. పదో తరగతికి లక్షా 41 వేలు. పదేళ్లదీ కలిపితే తొమ్మిదిన్నర లక్షల పైన. ఇది ఒక్క బిడ్డకి, ఒక్క ఫీజు. బస్సు వేరు. పుస్తకాలు, యూనిఫారం, బూట్లు వేరు. ట్యూషను వేరు. ఒక ఏడు పని దొరక్కపోయినా, ఆటో మూలన పడినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషనయినా, ఆ ఫీజు కట్టగలమా? ఏడో తరగతిలో ఫీజు బాకీ పడి, పరీక్ష గది బయట నిలబడ్డ పిల్లల్ని చూశాను. ఆ వయసు పిల్లలకి ఆ అవమానం చాలా పెద్దది. నోటుబుక్కు బాగున్న బడులు రెండు మూడు దొరికితే, కష్టకాలంలోనూ కట్టగలిగేదే ఎంచుకోండి.

దూరం సంగతి ఒక్క మాట. ఈ ట్రాఫిక్‌లో ఎనిమిది కిలోమీటర్లంటే పొద్దున ముప్పావుగంట, సాయంత్రం గంట. ఆరేళ్ల పిల్లాడికి ఆ గంటలు ఆటకీ నిద్రకీ కావాలి.

ఇంకో జాగ్రత్త. ప్రైవేటు బడికి గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేకుండా బడి నడపకూడదని చట్టం. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ నంబరుంటుంది. తెలంగాణ బడులవి 36తో మొదలవుతాయి, ఆంధ్రప్రదేశ్ బడులవి 28తో. ఆఫీసులో అడగండి, చెప్తారు. సీబీఎస్ఈ అని బోర్డు పెట్టుకుంటే, అఫిలియేషన్ నంబరు వేరుగా అడగండి. కొన్ని చోట్ల కింది తరగతులు నడుపుతారు, పదో తరగతికి వచ్చేసరికి పిల్లల్ని వేరే బడి పేరు మీద పరీక్షకి పంపుతారు. హాల్ టికెట్ వచ్చే రోజు దాకా తల్లిదండ్రులకి తెలియదు. అలాగే, చేర్చుకునే ముందు పిల్లాడికి గానీ, మీకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. డొనేషను తీసుకోకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆ రెండింటినీ నిషేధించింది. డొనేషను తీసుకుంటే, తీసుకున్నదానికి పదిరెట్ల దాకా జరిమానా.

అదే చట్టంలో ప్రైవేటు బడిలో నూటికి 25 సీట్లు పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాలని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే శ్రోతలు ఆ దరఖాస్తు తప్పక పెట్టండి. అక్కడ అమలవుతోంది. తెలంగాణలో మాత్రం చట్టం వచ్చాక చాలా ఏళ్లు అమలు చెయ్యకుండా గడిపారు. ఎన్ని వేలమంది పిల్లల సీట్లు అలా పోయాయోనని నాకు బాధ. మీ బిడ్డకి ఆ వయసుంటే మీ మండల విద్యాధికారి ఆఫీసుకి వెళ్లి ఈ ఏడాది సంగతి అడగండి. అడిగేవాళ్లుంటేనే కదలిక ఉంటుంది.

చివరగా, ఇప్పటికే పిల్లల్ని ఒక బడిలో వేసి ఉన్నవాళ్లకి. మీరూ ఇవాళ సాయంత్రం మీ పిల్లల నోటుబుక్కు తెరవండి. తేదీలు చూడండి. ఎర్ర సిరా చూడండి. రాసింది చదివించండి. రాకపోతే పిల్లల్ని కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ పుస్తకం పట్టుకుని క్లాసు టీచరు దగ్గరికి వెళ్లండి. "మేడమ్, ఇది మావాడు రాశాడు గానీ చదవలేకపోతున్నాడు, ఏం చేద్దాం?" అని అడగండి. మంచి టీచరు మీ మాట వింటారు. అలా అడిగే తల్లిదండ్రుల కోసం ఎదురుచూసే టీచర్లు చాలామంది ఉన్నారు. సర్కారు బడి అయితే తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లుండాలి. ఆ కమిటీలో చేరండి. టీచర్లు తక్కువైతే కమిటీ తీర్మానం చేసి పైకి రాయొచ్చు.

అయినా మార్పు రాకపోతే, బడి మార్చడానికి భయపడొద్దు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. ఆ రోజుల్లో సర్కారు టీచర్లు బడిబాట పేరుతో ఇళ్లకే వస్తారు. పాత బడివాళ్లు టీసీ ఆలస్యం చేస్తే, మరో సర్కారు బడిలో గానీ ఎయిడెడ్ బడిలో గానీ ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని చేర్చుకోవడానికి ఆ ఆలస్యం అడ్డం కాదు. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని కూడా కాదనకూడదు, అది పద్నాలుగో సెక్షన్. ఈ రెండు సెక్షన్ల నంబర్లూ ఒక కాగితం మీద రాసుకోండి. అయిదు, పద్నాలుగు. ఎవరైనా వెనక్కి పంపితే ఆ కాగితం చూపించి, చేర్చుకోమని అడగండి.